పదేళ్లు దాటిన ట్రాక్టర్ తుక్కేనా? ఫోర్క్‌లిఫ్ట్‌గా మారిస్తే పొలంలో ఎంతవరకు పనికొస్తుంది

దిల్లీని ఆనుకుని ఉన్న ఘాజియాబాద్ జిల్లాలో ట్రాక్టర్ వయసు పదేళ్లు దాటిందంటే రైతుకు కొత్త తలనొప్పి మొదలైనట్టే. ఇంజిన్ బాగానే ఉండొచ్చు, దుక్కి దున్నుతూనే ఉండొచ్చు. కానీ పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015 ఏప్రిల్‌లో ఆదేశించింది. దిల్లీ ఎన్‌సీఆర్ అంతటా దాన్ని అమలు చేయాలని సుప్రీంకోర్టు 2018 అక్టోబర్ 29న చెప్పింది. ట్రాక్టర్ కూడా డీజిల్ వాహనమే.

ఆ తర్వాత కథ చాలా మలుపులు తిరిగింది. కాలం తీరిన వాహనాలకు బంకుల్లో ఇంధనం పోయకూడదన్న నిబంధనను దిల్లీతో పాటు ఘాజియాబాద్ సహా 5 ఎన్‌సీఆర్ జిల్లాల్లో 2025 నవంబర్ 1 నుంచి అమలు చేయాలని వాయు నాణ్యత కమిషన్ అనుకుంది. ఈలోగా ఆగస్టు 12న, వయసు ఒక్కటే కారణంగా యజమానులపై బలవంతపు చర్యలు వద్దని సుప్రీంకోర్టు చెప్పింది. డిసెంబర్‌లో ఆ రక్షణను బీఎస్-4, ఆ తర్వాతి వాహనాలకే పరిమితం చేసింది. ట్రాక్టర్లకు కార్ల బీఎస్ ప్రమాణాలు కాకుండా 'ట్రెమ్' అనే వేరే ప్రమాణాలు ఉంటాయి. కాబట్టి పాత ట్రాక్టర్ ఉన్న రైతుకు ఈ తీర్పులతో పూర్తి ధీమా రాలేదు.

తుక్కుకు వేయడం, ఎన్‌సీఆర్ బయట అయినకాడికి అమ్మేయడం అనే రెండు దారులే అందరికీ గుర్తొస్తాయి. మూడో దారి కూడా ఉంది. రోడ్డెక్కని, దున్నని, బరువులు మాత్రం ఎత్తే యంత్రంగా దాన్ని మార్చుకోవడం. అంటే ట్రాక్టర్ ఫోర్క్‌లిఫ్ట్.

హైడ్రా క్రేన్‌ను గుర్తు తెచ్చుకోండి

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. ఫ్రాన్స్‌లోని ఆన్సెనీలో మార్సెల్ బ్రో 1958లో ఒక ట్రాక్టర్‌ను తీసుకుని, డ్రైవర్ సీటు, స్టీరింగ్ వెనక్కి తిప్పి, వెనక ఇరుసు దగ్గర ఫోర్క్‌లిఫ్ట్ మాస్ట్ నిలబెట్టారు. మట్టిలో, గుంతల్లో తిరగగల ఆ ఫోర్క్‌లిఫ్ట్‌తోనే మానిటూ కంపెనీ ప్రస్థానం మొదలైంది. ఇప్పుడు అదే కంపెనీకి ఘాజియాబాద్ పొరుగునే ఉన్న గ్రేటర్ నోయిడాలో ఫ్యాక్టరీ ఉంది.

మనకు ఇంకా బాగా తెలిసిన ఉదాహరణ హైడ్రా. హైదరాబాద్‌లో ఇప్పుడు ఆ పేరు వింటే కూల్చివేతల సంస్థే గుర్తొస్తుంది కానీ, ఇక్కడ చెబుతున్నది పసుపు రంగు క్రేన్ గురించి. ఫరీదాబాద్‌లో ఎస్కార్ట్స్ తయారు చేసిన ఆ పిక్ అండ్ క్యారీ క్రేన్‌ను ఈసారి చూసినప్పుడు చక్రాలు గమనించండి. పెద్ద చక్రాలు ముందు, బరువు వైపు ఉంటాయి. తిరిగే చిన్న చక్రాలు వెనక ఉంటాయి. వెనక్కి తిరిగి నడుస్తున్న ట్రాక్టర్‌లాగే కనిపిస్తుంది.

ఎందుకలా? ట్రాక్టర్‌లో బలమంతా వెనక ఇరుసులో ఉంటుంది. ముందు ఇరుసు దారి తిప్పడానికి ఉన్నదే తప్ప టన్ను బరువు మోయడానికి కాదు. ముందు లోడర్ బిగించిన చాలా ట్రాక్టర్లలో ముందు బేరింగులు, స్టబ్ యాక్సిల్ త్వరగా పోవడానికి కారణం ఇదే. మాస్ట్‌ను వెనక పెడితే లెక్క తారుమారవుతుంది. బరువు పెద్ద టైర్ల మీద పడుతుంది, ఇంజిన్ దానికి ఎదురు తూకంగా నిలుస్తుంది. పైగా బరువు ఎత్తేకొద్దీ నడిపే చక్రాల పట్టు పెరుగుతుంది. గోదాముల్లో తిరిగే మామూలు ఫోర్క్‌లిఫ్ట్‌ను చిన్న గట్టి టైర్లతో తడి కల్లంలోకి తీసుకెళ్తే అక్కడే కూరుకుపోతుంది.

బరువు లెక్క వేసుకోకపోతే ప్రమాదం

మాస్ట్ ఖర్చు ఎందుకని, వెనక లిఫ్ట్ చేతులకే రెండు ఫోర్కులు తగిలించుకునేవాళ్లూ ఉన్నారు. ఎరువు బస్తాల దొంతరనో డీజిల్ డ్రమ్మునో నేల మీది నుంచి లేపి షెడ్డు దాకా తీసుకెళ్లడానికి అది చాలు. కానీ ఆ చేతులు ఎత్తేది సుమారు 60, 70 సెంటీమీటర్లే. లారీ తొట్టి మీటరు కంటే పైన ఉంటుంది. లారీకి ఎక్కించాలంటే మాస్ట్ కావాల్సిందే.

ఇంకో సంగతి ఉంది. 35 హెచ్‌పీ ట్రాక్టర్ 1,800 కిలోలు ఉందని, అందులో 700 కిలోలు ముందు ఇరుసు మీద ఉన్నాయని, రెండు ఇరుసుల మధ్య 1.9 మీటర్లు ఉందని అనుకుందాం. వెనక ఇరుసుకు 1.5 మీటర్ల అవతల 500 కిలోలు ఎత్తితే, 500 × 1.5 ÷ 1.9 లెక్కన ముందు ఇరుసు మీద నుంచి సుమారు 395 కిలోలు లేచిపోతాయి. మిగిలేవి 305. స్టీరింగ్ మాట వినాలంటే ట్రాక్టర్ బరువులో కనీసం 20 శాతం, అంటే ఇక్కడ 360 కిలోలు, ముందు ఇరుసు మీద ఉండాలన్నది వాడుకలో ఉన్న సూత్రం. అంటే 500 కిలోలకే గీత దాటేశాం. ఫోర్క్ చట్రం బరువు ఇంకా కలపనే లేదు. అదే 800 కిలోలైతే ముందు మిగిలేది 70 కిలోలే. చిన్న గట్టు తగిలినా ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి.

మాస్ట్‌ను నేరుగా వెనక ఇరుసు తొడుగుకు బిగిస్తే ఆ 1.5 మీటర్ల దూరం 1.1కు తగ్గిందనుకోండి. అప్పుడు 800 కిలోలు ఎత్తినా ముందు 237 మిగులుతాయి. ఇంజిన్ ముందు ఇనుప దిమ్మెలు వేలాడదీస్తే సరిపోతుంది. మాస్ట్ సొంత బరువు కూడా ఉంటుంది కాబట్టి దిమ్మెలు ధారాళంగానే వేయాలి. మంచి మెకానిక్ మొదట అడిగే ప్రశ్న ఇదే కావాలి: ముందు ఎంత బరువు వేలాడదీస్తున్నారు?

ఇక సీటు. తిప్పకుండా వదిలేస్తే డ్రైవర్ రోజంతా మెడ వెనక్కి తిప్పి పని చేయాలి. తిప్పితే గేర్ల సమస్య వస్తుంది. ముందుకెళ్లడానికి ఎనిమిది గేర్లున్న ట్రాక్టర్‌లో రివర్స్‌కు ఒకటో రెండో ఉంటాయి. మార్చిన యంత్రం ఎక్కువగా నడిచేది అటువైపే. అందుకే పూర్తిస్థాయి మార్పిడిలో డిఫరెన్షియల్‌లోని క్రౌన్ వీల్‌ను రెండోవైపుకు మార్చి, గేర్లన్నీ ఆ దిశలో పనిచేసేలా చేస్తారు. ఇది ఊళ్లో వెల్డింగ్ షాపులో అయ్యే పని కాదు.

ఏ పనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు?

మోదీనగర్, మురాద్‌నగర్ వైపు చెరకు ఎక్కువ. చెరకు దగ్గర ఈ యంత్రం దండగ. కోసిన గడలు కట్టలుగా మనుషుల చేతుల మీదుగా ట్రాలీ ఎక్కుతాయి, ఫోర్కులకు అక్కడ పట్టు దొరకదు. మన దగ్గర గుంటూరు మిర్చి యార్డుకు తీసుకెళ్లినా అంతే. టిక్కీలు ఒక్కొక్కటిగా హమాలీల భుజాల మీద కదిలే చోట ఫోర్క్‌లిఫ్ట్ చూస్తూ నిలబడాల్సిందే.

కారణం ఒక్కటే, ప్యాలెట్. సరుకు చెక్క ప్యాలెట్ మీదో జంబో బ్యాగులోనో ఉంటే తప్ప ఫోర్కుల కింద ఏమీ ఇరకదు. మనుషులు మోసే బరువు గరిష్ఠంగా 55 కిలోలు మించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. దాన్ని నిజంగా పాటించాలనుకునే రైతు ముందు కొనాల్సింది యంత్రం కాదు, పాతిక ప్యాలెట్లు.

అవి ఉన్న చోట మాత్రం ఇది రోజూ పనికొస్తుంది. డెయిరీలో సైలేజ్ బేళ్లు, నర్సరీలో కుండీల ట్రేలు, బంగాళదుంప విత్తన బస్తాలు, ఇటుకలు, నీళ్ల ట్యాంకు, దాదాపు 200 కిలోలు తూగే డీజిల్ డ్రమ్ము. రోటావేటర్‌ను పైకెత్తి బ్లేళ్లు మార్చుకోవచ్చు, అయితే కింద స్టాండు పెట్టిన తర్వాతే. ఎత్తిన ఫోర్కుల కింద మనిషి దూరకూడదు. ఘాజియాబాద్‌లో పొలాలు ఎక్స్‌ప్రెస్‌వేలకు, కాలనీలకు పోతూ చిన్నవవుతున్నాయి. ఒక్క రైతుకే ఇది గిట్టుబాటు కావడం కష్టం. డెయిరీకో నర్సరీకో అయితే లెక్క కుదురుతుంది.

పాత మాస్ట్ కొనేటప్పుడు రంగు చూడొద్దు. గొలుసు కొత్తప్పటి కంటే 3 శాతం సాగితే మార్చాలి. ఫోర్కు వంపు దగ్గర మందం 10 శాతం అరిగితే అది పక్కన పడేయాల్సిందే, వెల్డింగ్‌తో సరిపెట్టకూడదు. బరువు ఎత్తి అరగంట వదిలేస్తే దానంతటదే కిందికి జారుతోందంటే సిలిండర్ సీళ్లో వాల్వో పోయినట్టు.

చట్టం ఏమంటుంది?

రైతులు పొరపాటు పడే చోటు ఇది. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 39 రిజిస్ట్రేషన్ లేని వాహనాన్ని బహిరంగ స్థలంలోనే కాదు, 'మరెక్కడైనా' నడపకూడదంటుంది. పొలంలోనే కదా అంటే కుదరదు. అయితే అదే చట్టంలోని సెక్షన్ 2(28), ఫ్యాక్టరీలో లేదా ఆవరణ కలిగిన ఇతర స్థలంలో మాత్రమే వాడేలా తయారైన ప్రత్యేక తరహా వాహనాన్ని 'మోటారు వాహనం' నిర్వచనం నుంచే మినహాయించింది. గోదాముల ఫోర్క్‌లిఫ్టులు చాలావరకు ఈ మినహాయింపు కిందే నడుస్తుంటాయి.

ప్రహరీ ఉన్న డెయిరీలోనో కోల్డ్ స్టోరేజీలోనో పూర్తిగా మార్చిన ట్రాక్టర్ కోసం ఈ వాదన నిలబడే అవకాశం ఉంది. కంచె లేని చెరకు తోటలో నిలబడదు. వెనక లిఫ్ట్‌కు ఫోర్కులు తగిలించినంత మాత్రాన ట్రాక్టర్ ప్రత్యేక వాహనం అయిపోదు. సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్ ఉన్న వాహనాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు కూడా. కాబట్టి ఆర్టీఓ దగ్గర పాత రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకున్నాకే మెకానిక్ దగ్గరికి వెళ్లడం మంచిది. ఒకసారి మార్చాక పక్క ఊరి పొలానికని రోడ్డెక్కితే ఆ మినహాయింపు పోతుంది, ప్రమాదం జరిగితే బీమా కూడా ఉండదు.

పొగ సంగతీ దాచకూడదు. ఫోర్క్‌లిఫ్ట్‌గా మార్చినంత మాత్రాన ఇంజిన్ శుభ్రమైపోదు, అదే పాత డీజిల్ ఇంజిన్. తేడా నడిచే గంటల్లో ఉంటుంది. దుక్కి సీజన్‌లో ట్రాక్టర్ రోజంతా పూర్తి లోడుతో నడుస్తుంది. యార్డులో ఫోర్క్‌లిఫ్ట్ నడిచేది రోజుకు గంటో రెండో, అదీ తక్కువ లోడుతో. మూసి ఉన్న షెడ్డులో మాత్రం దీన్ని నడపకూడదు. డీజిల్ పొగ మొదట తగిలేది లోపల పనిచేసే మనుషులకే. అలాంటి చోట చేత్తో లాగే ప్యాలెట్ ట్రక్కు చాలు.