బాబాయ్ నాటిన అంకుడు మొక్కలు

మా బాబాయ్ పోయి ఏడాదైంది. ఆయనది ఏటికొప్పాక లక్క బొమ్మల వ్యాపారం. అనకాపల్లి జిల్లా, వరాహ నది పక్కన ఊరు. మీ ఇంట్లో చెక్క కుంకుమ భరిణె ఉంటే అక్కడిదే కావచ్చు, చూడండి.

కోడింగ్ చేసుకునే నాకు ఆ పని ఇప్పటికీ వింతే. లేత్ మిషన్‌పై అంకుడు కర్ర తిరుగుతుంటే రంగు లక్క ఆనిస్తారు. రాపిడి వేడికే అది కరిగి పట్టేస్తుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపు. పసుపు కొమ్ముల నుంచి పసుపు, నీలి మొక్క నుంచి నీలం. కెమికల్ రంగులు చవకే. బాబాయ్ ఒప్పుకోలేదు. "చంటోళ్లు నోట్లో పెట్టుకుంటార్రా" అనేవాడు.

2017లో జీఐ ట్యాగ్ వచ్చింది. పేరు పెరిగింది, నిజమే. డబ్బు ఇబ్బంది మాత్రం పోలేదు. పనివాళ్లకి సరుకు తీసుకున్న రోజే ఇచ్చేసేవాడు. షాపుల వాళ్లు ఇచ్చేది మూడు నెలలకి! మధ్యలో పిన్ని గాజులు రెండుసార్లు తాకట్టుకి వెళ్లొచ్చాయి.

కర్ర దొరకడం కష్టమవుతోందని ఎకరంలో అంకుడు మొక్కలు నాటాడు. ఇప్పుడవి నా భుజం దాకా వచ్చాయి. లేఅవుట్‌కి ఇమ్మని బ్రోకర్లు తిరుగుతున్నారు. పిన్ని వాళ్లకి మజ్జిగిచ్చి పంపేస్తోంది. నాకు ఫోన్ చేస్తే మాత్రం ఒకటే మాట, "ఈ ఆదివారం వస్తావా, మొక్కలకి నీళ్లు పెట్టాలి."