పీహెచ్‌సీ డాక్టర్‌కు కూడా రిలీవర్ కావాలి

పోయిన ఎపిసోడ్‌లో ఊళ్ల దవాఖానల ముచ్చట వచ్చినప్పుడు "ఈ కాలం డాక్టర్లకు సేవ చేసే బుద్ధి లేదు" అన్న మాట వినిపించింది. నేను దానికి ఒప్పుకోను. గల్ఫ్‌లో ఉన్న మనలో చాలామంది ఇళ్లల్లో ముసలి తల్లిదండ్రులు, ఆడవాళ్లు, పిల్లలే మిగిలారు. రాత్రి జ్వరం వస్తే మనం ఇక్కడి నుంచి చేయగలిగేది ఒక ఫోన్. అందుకే డాక్టర్‌ను తిట్టుకునే ముందు ఆ ఉద్యోగం ఎట్లుంటదో చూద్దాం.

మైదాన ప్రాంతంలో 30,000 మందికి, కొండ, ఏజెన్సీ ప్రాంతాల్లో 20,000 మందికి ఒక పీహెచ్‌సీ ఉండాలని లెక్క. అక్కడికి వచ్చేది నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ అప్పుడే ముగించిన పాతికేళ్ల పిల్ల లేదా పిల్లగాడు. ఓపీ, టీకాలు, కాన్పులు, ఏఎన్ఎంల రిపోర్టులు, జిల్లా మీటింగులు అన్నీ నెత్తిన పడతాయి. కేసు ముదిరితే పక్కన అడగడానికి సీనియర్ ఉండడు. పేషెంటుకు ఏమన్నా అయితే బంధువుల ముందు ఒంటరిగా నిలబడాలి. తోటివాళ్లేమో హైదరాబాద్‌లో నీట్ పీజీకి చదువుతుంటారు. పల్లెలో గడిపే ప్రతి ఏడాదీ వెనకబడ్డ ఏడాదిలాగే అనిపిస్తుంది. జీతం కొంచెం పెంచితే ఆ గుబులు పోదు.

ఎడారిలో దూరపు సైట్లు నడిపిన అనుభవంతో చెప్తున్న. అట్లాంటి చోటికి మనిషిని పంపాలంటే సైట్ అలవెన్స్ ఒక్కటే సరిపోదు. ఏసీ గది, మెస్, బండి ఉండాలి. వాటికంటే ముందు అతను అడిగేది తేదీ: సెలవు ఎప్పుడు, రిలీవర్ ఎవరు అని. రిలీవర్ సైట్‌లో దిగేదాకా పాతవాడికి టికెట్ ఇవ్వం. తేదీ చేతిలో ఉంటే మనిషి కుదురుగా పని చేస్తాడు. లేకపోతే మొదటి వారం నుంచే వేరే దారి వెతుక్కుంటాడు.

డాక్టర్లకు ఆ తేదీ లాంటిది ఇన్‌సర్వీస్ కోటా. తమిళనాడు ఏళ్ల తరబడి తన వాటా పీజీ సీట్లలో సగం సర్కారు సర్వీసులో ఉన్న డాక్టర్లకు ఇచ్చింది. పల్లెలో పని చేస్తే పీజీ సీటు దగ్గరవుతుందన్న ఆశతో పిల్లలు వచ్చారు. మెడికల్ కౌన్సిల్ నిబంధనలతో మధ్యలో చిక్కొస్తే, ఇట్లాంటి కోటా ఇచ్చే అధికారం రాష్ట్రాలకు ఉందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మారుమూల ప్రాంతంలో చేసిన ఏడాదికి 10 శాతం చొప్పున, 30 శాతం దాకా అదనపు మార్కులిచ్చే నిబంధన కూడా ఉండేది.

దీంట్లో ఒక లొసుగుంది. సీటు రాగానే ఆ డాక్టర్ వెళ్లిపోతాడు, కుర్చీ మళ్లీ ఖాళీ. తప్పు వెళ్లినవాళ్లది కాదు, రిలీవర్‌ను ముందే పెట్టనివాళ్లది. పీజీ అడ్మిషన్లు ఏటా జరిగేవే కదా! ఎంతమంది పోతారో అంచనా వేసి, భర్తీ ముందే మొదలుపెట్టొచ్చు. బాండ్ రాయించుకుని పంపడం కూడా ఉంది కానీ, దాని మీద నాకు నమ్మకం తక్కువ.

ఒంటరితనానికి మందు రెండో డాక్టర్. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ఫ్యామిలీ డాక్టర్ పద్ధతి తెచ్చినప్పుడు పీహెచ్‌సీకి ఇద్దరని పెట్టుకున్నారు. ఒకరు ఓపీ చూస్తుంటే ఇంకొకరు 104 బండిలో ఊళ్లకు వెళ్లాలి. ఆ రెండో పోస్టు నిండితేనే మొదటివాళ్లకు సెలవు దొరుకుతుంది.

జపాన్‌ది ఇంకో దారి. 1972లో పెట్టిన జిచి మెడికల్ యూనివర్సిటీ ప్రతి రాష్ట్రం నుంచీ కొద్దిమందిని తీసుకుంటుంది. చదివినాక సొంత రాష్ట్రంలో తొమ్మిదేళ్లు పని చేస్తే ఫీజు అప్పు మాఫీ. పల్లెలో పుట్టి పెరిగినవాళ్లకు మెడిసిన్‌లో చోటివ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇచ్చిన సూచనల్లో కూడా ఉంది.

ఇక నా పనికి సంబంధించిన మాట, క్వార్టర్. స్లాబ్ కారుతూ, బాత్రూంలో నీళ్లు రాక, గేటు దగ్గర లైటు లేక ఉంటే ఒక ఆడపిల్ల అక్కడ రాత్రి ఎట్లా ఉంటుంది? పొద్దున టౌన్ నుంచి బస్సులో వచ్చి సాయంత్రం పోతుంది. వాటర్‌ప్రూఫింగ్, ప్లంబింగ్, మోటారు, వైరింగ్ కలిపినా పెద్ద పనేం కాదు, మంచి మేస్త్రీ ఉంటే నెలలో అయిపోతది. పీహెచ్‌సీకి ఆస్పత్రి అభివృద్ధి సొసైటీ అని ఉంటుంది. ఈసారి సెలవులో ఊరికి పోయినప్పుడు ఆ కమిటీ వాళ్లను రెండు సంగతులడగండి: క్వార్టర్‌లో ఇప్పుడు ఎవరుంటున్నారు, రెండో డాక్టర్ పోస్టు ఎన్నాళ్లుగా ఖాళీగా ఉంది.