రెజ్యూమ్‌లో సత్యమే ఇంటర్వ్యూలో ధైర్యం

చదువు పూర్తిచేసుకొని తొలి ఉద్యోగానికి ప్రయత్నించే యువతీయువకులు రెజ్యూమ్‌ను లాంఛనంగాను, ఇంటర్వ్యూను అసలు పరీక్షగాను భావించడం పరిపాటి. వాస్తవానికి ఇంటర్వ్యూలో ఎదురయ్యే ప్రశ్నలలో అనేకం అభ్యర్థి స్వయంగా రాసి ఇచ్చిన రెజ్యూమ్ నుంచే పుడతాయి. కావున రెజ్యూమ్ రూపకల్పనే ఇంటర్వ్యూ సన్నద్ధతకు తొలి మెట్టు.

ఏమి రాయాలి?

అనుభవం లేని పట్టభద్రులకు ఒక పేజీ రెజ్యూమ్ సరిపోతుంది. ఫోన్ నంబరు, ఈ-మెయిల్, విద్యార్హతలు, ఉద్యోగానికి అవసరమైన నైపుణ్యాలు, ప్రాజెక్టులు, శిక్షణ వివరాలు అందులో ఉండాలి. పేరు పదవ తరగతి ధ్రువపత్రంలో ఉన్నట్లే రాయడం శ్రేయస్కరం. 'నాయకత్వ లక్షణాలు కలవు' వంటి మాటలకన్నా, 'ముగ్గురు సభ్యుల బృందంలో డేటాబేస్ రూపకల్పన బాధ్యత నిర్వహించాను' అనే వాక్యం విశ్వసనీయమైనది. బి.కాం. అభ్యర్థి 'ట్యాలీ తెలుసు' అనడానికి బదులు, ఆ సాఫ్ట్‌వేర్‌లో ఎవరి పద్దులను ఎన్ని నెలలు నమోదు చేసినదీ పేర్కొనడం మేలు.

అవాస్తవాలతో అనర్థం

అవకాశం చేజారుతుందన్న ఆందోళనతో కొందరు లేని అనుభవాన్ని చూపుతుంటారు. నియామకం తరువాత సైతం సంస్థలు విద్యార్హతలను విశ్వవిద్యాలయాల ద్వారా ధ్రువీకరించుకుంటాయి. ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ 2014లో ప్రవేశపెట్టిన యూఏఎన్ ద్వారా పూర్వ ఉద్యోగ వివరాలు తెలుస్తాయి. నకిలీ పత్రాన్ని అసలైనదిగా చూపడం, 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారం శిక్షార్హమైన నేరం.

ఇంటర్వ్యూకు ముందు

రెజ్యూమ్‌లోని ప్రతి వాక్యానికి 'ఎలా?', 'ఎందుకు?' అనే ప్రశ్నలు వేసుకొని, సమాధానాలను బిగ్గరగా చెప్పి సాధన చేయాలి. తెలుగు మాధ్యమంలో చదివినవారు కంఠస్థం చేసిన బరువైన ఆంగ్ల పదాలను వీడి, చిన్న వాక్యాలలో స్పష్టంగా చెప్పడం ఉత్తమం. తెలియని విషయాన్ని తెలియదని అంగీకరించడం లోపం కాదు.

ప్రభుత్వోద్యోగాలలో

కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి గ్రూప్-సి, నాన్ గెజిటెడ్ గ్రూప్-బి పోస్టులకు ఇంటర్వ్యూలను రద్దు చేసింది. సివిల్ సర్వీసెస్‌లో మాత్రం మొత్తం 2,025 మార్కులలో 275 మార్కులు ఇంటర్వ్యూకు కేటాయించారు. అక్కడ సైతం అభ్యర్థి స్వస్థలం, విద్య, అభిరుచులపై అడిగే ప్రశ్నలకు సమగ్ర దరఖాస్తు పత్రమే ఆధారం.

కళాశాలల ఉపాధి విభాగాలు నమూనా ఇంటర్వ్యూలకు ముందు విద్యార్థుల రెజ్యూమ్‌లను పంక్తి పంక్తినా పరిశీలించడం ఎంతైనా అవసరం. సమర్థించుకోగల వాక్యాలే రాసిన అభ్యర్థి, గ్రామీణ నేపథ్యం నుంచి వచ్చినా, నిబ్బరంగా సమాధానమివ్వగలడు.