కొత్త బండి మొదటి సవారీ: నడిపేదెవరు, వెనక కూర్చునేదెవరు?

షోరూంలో తాళం చేతికి రాగానే మన ఇళ్లలో జరిగేది దాదాపు ఒకటే. అబ్బా పేరు మీద కొన్న బండిని కొడుకు స్టార్ట్ చేస్తాడు. వెనక అమ్మీ, మధ్యలో చిన్నోడు. దారిలో మిఠాయి, వీలైతే అటునుంచి అటే దర్గా. ఆ ఖుషీని ఎవరూ కాదనరు. కాకపోతే టైర్లూ బ్రేకులూ ఇంకా సెట్ అవనిది సరిగ్గా ఆ రోజే. చేతిలో ఉన్న ఇన్సూరెన్స్ కాగితం కూడా మనం అనుకున్నంత మందిని కాపాడదు.

ముందు టైర్ల సంగతి. కొత్త రబ్బరు పైభాగం నున్నగా ఉంటుంది, రోడ్డుకు కాస్త అరిగితేగానీ పట్టు రాదు. అందుకే తొలి వంద కిలోమీటర్లు మలుపుల్లో బండిని ఎక్కువ వంచొద్దు, తడి రోడ్డు మీద మరీ జాగ్రత్త. బ్రేకులూ అంతే, నాలుగు రోజులు వాడాకే గట్టిగా పట్టుకుంటాయి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లకు ఏబీఎస్, అంతకు తక్కువ వాటికి కనీసం సీబీఎస్ ఉండాలి. సీబీఎస్‌లో ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలకూ పడుతుంది. పాత బండికి అలవాటైనవాళ్లకు మొదట్లో ఇది వింతగా ఉంటుంది. ఖాళీ గల్లీలో పది సార్లు ఆపి చూస్కోండి. టైర్లలో గాలి ఎంతుందో షోరూంలోనే చెక్ చేయించండి. వెనక మనిషి కూర్చుంటే ఎంత ఉండాలో మాన్యువల్‌లో విడిగా రాసి ఉంటుంది.

ఇప్పుడు వెనక సీటు. బండి 'లుక్' పోతుందని కుర్రాళ్లు శారీ గార్డ్ తీయించేస్తున్నారు. వెనక కూర్చున్నవారి బట్టలు చక్రంలో పడకుండా కనీసం సగం చక్రానికి అడ్డు ఉండాలన్నది కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోని 123వ రూల్. పేరుకే శారీ గార్డ్, బుర్ఖా అంచుకూ దుపట్టా కొసకూ కూడా అదే కాపలా. తీయించొద్దు. కూర్చున్నాక బుర్ఖా అంచును తొడ కిందకు మడవాలి, దుపట్టా కొసలు ముందుకు తెచ్చి ముడి వేసుకోవాలి. ఇద్దరికీ హెల్మెట్ ఉండాలి. బండితో పాటు ఐఎస్ఐ గుర్తున్న ఒక హెల్మెట్ కంపెనీయే ఇవ్వాలని రూల్ ఉంది, అడిగి తీసుకోండి. చట్టం ప్రకారం నడిపేవారి వెనక ఒక్కరే. మధ్యలో చిన్నోడు కూడా లెక్కలోకి వస్తాడు.

చాలామందికి తెలియనిది డబ్బు లెక్క. (కిస్తీల మీద కొంటే వడ్డీ మాట వేరే చర్చ, ఇక్కడ దాని జోలికి పోను.) కొత్త టూవీలర్‌కు 5 ఏళ్ల థర్డ్ పార్టీ బీమా 2018 సెప్టెంబర్ నుంచి తప్పనిసరి. బండి డ్యామేజీ కవర్ మాత్రం చాలా పాలసీల్లో ఏడాదికే ఉంటుంది. దాంతోపాటు తీసుకునే 15 లక్షల ప్రమాద బీమా ఓనర్‌కు, అదీ ఆయనకు లైసెన్స్ ఉంటేనే. అంటే అబ్బా పేరు మీదున్న బండిని కొడుకు నడుపుతూ పడితే, ఆ 15 లక్షలతో కొడుక్కి సంబంధం లేదు. ఎప్పుడూ నడిపేది కొడుకే అయితే, వయసూ లైసెన్సూ ఉంటే, బండి అతని పేరు మీదే కొనడం మేలు. లేదా అతనికి విడిగా ప్రమాద బీమా తీయాలి.

మరి అమ్మీ సంగతి? వట్టి థర్డ్ పార్టీ పాలసీలో వెనక కూర్చున్నవారికి పరిహారం ఇచ్చే బాధ్యత బీమా కంపెనీకి లేదని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. ప్యాకేజీ పాలసీ అయితే ఉంటుంది. కాబట్టి '5 ఏళ్ల ఇన్సూరెన్స్ ఉందిగా' అని రెండో ఏడాది డ్యామేజీ కవర్ వదిలేస్తే, బండికే కాదు, వెనక కూర్చునేవారికీ రక్షణ పోతుంది. పాలసీ కాగితం మీద రెండు తేదీలు విడివిడిగా ఉంటాయి, చూడండి.

పద్దెనిమిది నిండని అబ్బాయికి 'ఒక్క రౌండ్' అని తాళం ఇచ్చినా కేసు తల్లిదండ్రుల మీదకే వస్తుంది. కేంద్ర చట్టంలో 25 వేల జరిమానా, మూడేళ్ల వరకు జైలు ఉన్నాయి.

ఇంజిన్ గురించి రెండు మాటలు. మొదటి సర్వీసు దాకా ఫుల్ రేస్ ఇవ్వొద్దు, ఒకే స్పీడులో గంటల తరబడి పోవద్దు. అందుకే హైదరాబాద్ నుంచి జహంగీర్ పీర్ దర్గా లాంటి హైవే ప్రయాణం మొదటి రోజు పెట్టుకోకండి. లోపలి భాగాలు ఒకదానికొకటి రాసుకుని కుదురుకునేటప్పుడు సన్నటి లోహపు పొడి ఆయిల్‌లో చేరుతుంది. మొదటి సర్వీసులో ఆయిల్ మార్చేది ఇందుకే. అది ఎన్ని కిలోమీటర్లకో మాన్యువల్‌లో ఉంటుంది. చైన్ కూడా అప్పటికి వదులవుతుంది, బిగించమని చెప్పండి.