ఎంపికలో చూపు ఎవరిది? విజ్జీ, బాలూ, కొండవెలగాడ

రిజర్వేషన్ల మాటెత్తితే చాలు, 'అయితే క్రికెట్ టీముకి కూడా కోటా పెడతారేటి?' అని ఎదురు ప్రశ్న వస్తుంది. మండల్ రోజుల నుంచి ఈ ప్రశ్న అరిగిపోలేదు. ఆటలో ప్రతిభ ఒక్కటే చూస్తారని, అక్కడ కులం పని చెయ్యదని ఇందులో దాగిన మాట. ఈ మాటనేవాళ్లు విజయనగరం పేరు మర్చిపోవడం విచిత్రం. పుట్టుకని చూసి పదవి ఇవ్వడానికి భారత క్రికెట్లో అందరికీ తెలిసిన ఉదాహరణ ఈ ఊరి రాజకుటుంబంలోంచే వచ్చింది.

విజ్జీ అని అందరూ పిలిచిన మహరాజ్‌కుమార్ 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత జట్టుకి కెప్టెన్. మూడు టెస్టుల్లో ఆయన కొట్టిన పరుగులు మొత్తం 33, సగటు 8.25. అదే జట్టులో సి.కె.నాయుడు ఉన్నాడు. 1932లో భారత్ ఆడిన మొదటి టెస్టుకి నాయకుడు అతనే. అలాంటివాడు విజ్జీ కింద ఆడాలి. మంచి ఫారంలో ఉన్న లాలా అమర్‌నాథ్‌ని మొదటి టెస్టుకి ముందే క్రమశిక్షణ పేరుతో ఇంటికి పంపేశారు. రెండు టెస్టులు ఓడిపోయాం. తర్వాత విచారణ జరిపిన బ్యూమాంట్ కమిటీ, ఫీల్డర్లని ఎక్కడ నిలబెట్టాలో, బౌలర్లని ఎప్పుడు మార్చాలో ఈయనకి తెలియలేదని తేల్చింది. దానివల్ల ఆయనకి పోయిందేమీ లేదు. 1954లో క్రికెట్ బోర్డు అధ్యక్షుడయ్యాడు. యూనివర్సిటీ కుర్రాళ్లు ఆడే జోనల్ పోటీకి విజ్జీ ట్రోఫీ అని పేరు. విజయనగరంలో స్టేడియం పేరూ అదే.

ఇప్పుడు రెండో మనిషిని చూద్దాం. పల్వంకర్ బాలూ, చమార్ కులంలో పుట్టినవాడు. పూనాలో తెల్లవాళ్ల క్లబ్బులో నెలకి నాలుగు రూపాయల జీతానికి పిచ్ చదును చేస్తూ, దొరలకి నెట్స్‌లో గంటల తరబడి బంతులేశాడు. బౌలింగ్ చెమటోడ్చే పని, బ్యాటింగ్ హోదా పని. అందుకని బంతి ఇచ్చారు గానీ అక్కడ బ్యాటు ఇవ్వలేదు. హిందూ జట్టులోకి తీసుకున్నాక కూడా టీ విరామంలో అతనికి బయట, మట్టి ముంతలో టీ. 1911లో పాటియాలా మహారాజా నాయకత్వంలో వెళ్లిన జట్టు తరఫున ఇంగ్లండులో 114 వికెట్లు తీశాడు. అయినా హిందూ జట్టుకి కెప్టెన్‌గా మాత్రం ఎన్నడూ పెట్టలేదు. 1920లో ఈ అన్యాయం మీద తమ్ముళ్లు విఠల్, శివరాం జట్టులోంచి తప్పుకున్నారు, గొడవయింది. చివరికి 1923లో విఠల్‌ని కెప్టెన్ చేశారు. 114 వికెట్ల చేతికి దక్కని పదవి 33 పరుగుల చేతికి దక్కింది. తేడా చేతిలో లేదని వేరే చెప్పాలా?

ఇది మన దేశపు జబ్బు మాత్రమే కాదు. అమెరికా ఫుట్‌బాల్లో క్వార్టర్‌బ్యాక్ అని ఒక స్థానం ఉంది. బంతి ఎవరికి పోవాలో, ఎత్తుగడ ఏమిటో అక్కడికక్కడ తేల్చే మనిషి. ఏటా కాలేజీ ఆటగాళ్లని వృత్తి జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి, దాన్ని డ్రాఫ్ట్ అంటారు. 1978 జనవరిలో రోజ్ బౌల్ పోటీలో ఉత్తమ ఆటగాడైన వారెన్ మూన్ అనే నల్ల క్వార్టర్‌బ్యాక్‌ని ఆ ఏటి డ్రాఫ్టులో ఒక్క జట్టూ పిలవలేదు. పరిగెత్తడం, పట్టుకోవడం నల్లవాళ్ల పని, ఆలోచించడం తెల్లవాళ్ల పని అని అప్పటి లెక్క. స్థానం మారితే చూస్తామన్నారు. మారనని కెనడా వెళ్లి, ఎడ్మంటన్ జట్టుతో వరసగా అయిదు గ్రే కప్పులు గెలిచాడు. అప్పుడు 1984లో అమెరికా జట్టు పిలిచింది. 2006లో ఆ ఆట హాల్ ఆఫ్ ఫేంలో చేరిన మొదటి నల్ల క్వార్టర్‌బ్యాక్ ఆయనే. బాలూకి బంతి ఇచ్చి బ్యాటు ఇవ్వకపోవడం, మూన్‌ని స్థానం మారమనడం ఒకే తర్కం. శ్రమ మీది, ఆలోచన మాది. ఇది వర్ణధర్మం కాక మరేమిటి?

ఎంపిక చేసేవాళ్లందరూ దుర్మార్గులని నేననడం లేదు. సంగతి అంతకన్నా లోతుగా ఉంది. 'టెంపర్‌మెంట్', 'క్లాస్', 'నాయకత్వ లక్షణం' లాంటి మాటలకి కొలబద్ద లేదు. కొలబద్ద లేనిచోట చూసే కంటికి అలవాటైన నడక, అలవాటైన భాష, అలవాటైన ఇంటిపేరు బాగా కనిపిస్తాయి. కొలత ఉన్నచోట ఆ కంటికి పని తగ్గుతుంది. మన జిల్లాల నుంచి ప్రపంచానికి తెలిసిన ఆటగాళ్లు ఎక్కువగా ఇనుప కడ్డీ దగ్గర్నుంచి రావడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ వెయిట్ లిఫ్టర్ల ఊరు. విజయనగరం జిల్లాకే చెందిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చింది. నూరు కిలోలు లేచాయా లేదా అన్నదానికి ఇంటిపేరు అడగక్కర్లేదు.

అలాగని కడ్డీ కూడా పూర్తిగా న్యాయం చెయ్యదు, ముందు దాని దగ్గరికి చేరాలి కదా. ఆమదాలవలస కరణం మల్లీశ్వరి సంగతే చూడండి. 1990లో జాతీయ శిబిరానికి ఎంపికైంది ఆమె కాదు, అక్క. చూడ్డానికి వెళ్లిన చెల్లెల్ని అక్కడున్న ఒలింపిక్ విజేత లియోనిద్ తారనెంకో గమనించాడు. 1994, 1995లో ఆ చెల్లెలే ప్రపంచ విజేత. 2000లో ఆమె ఎంపిక మీద పత్రికల్లో రభస జరిగితే, సిడ్నీలో 110, 130 కలిపి 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. ఆ రోజు అక్క వెంట వెళ్లకపోయుంటే?

మా ఊరి పేటలో నాతో చదువుకున్న ఒకడు బంతేస్తే వికెట్ కీపర్ పదడుగులు వెనక్కి నిలబడేవాడు. మాది టెన్నిస్ బంతి, కొబ్బరిమట్ట బ్యాటు. ఎంపికలకని తెల్లారుజామునే బస్సెక్కి పట్నం వెళ్లాం. 'తెల్ల బట్టలు నేవు, బూట్లు నేవు, ఎలగొచ్చినావురా?' అని ఒకాయన అడిగాడు. ఏ వీధి అని కూడా అడిగాడు. వాడికి ఆరు బంతులిచ్చారు, అసలు బంతి మొదటిసారి పట్టుకున్న చేతికి. మూడు వైడ్లు పోయాయి. పేరు రాసుకోలేదు. నిజానికి ఆ పెద్దమనిషి చూసిందాంట్లో అబద్ధం లేదు, మూడు వైడ్లు పోయిన మాట నిజమే. అంతకుముందు పదేళ్లు ఏం జరిగిందో ఆ ఆరు బంతుల్లో ఎలా కనిపిస్తుంది?

2024 నవంబరు ఐపీఎల్ వేలానికి 1,574 మంది పేర్లిస్తే 182 మంది అమ్ముడయ్యారు. అందులో శ్రీకాకుళం జిల్లా కుర్రాడు త్రిపురాన విజయ్‌ని ఢిల్లీ జట్టు 30 లక్షలకి తీసుకుంది. సంతోషించవలసిందే. కాని ఆ 1,574 దాకా రాకుండానే ఆగిపోయినవాళ్ల పట్టిక ఎవరి దగ్గరా లేదు. 2018లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చిన ఒక వ్యాసం ప్రకారం, అప్పటిదాకా టెస్టులాడిన దాదాపు 290 మంది మగవాళ్లలో దళితులు నలుగురే. దక్షిణాఫ్రికా బోర్డు 2016లో జాతీయ జట్టుకి లక్ష్యం పెట్టుకుంది: ఏడాది సగటున పదకొండు మందిలో ఆరుగురు తెల్లవాళ్లు కానివారు, వాళ్లలో ఇద్దరు నల్ల ఆఫ్రికన్లు. ఆ జట్టు ఆడటం మానెయ్యలేదు.

మన దగ్గర అంతదాకా పోకముందే చెయ్యగలిగిన పనులున్నాయి. జిల్లా ఎంపికలు పట్నంలో ఒక్క పూట కాకుండా మండలాల్లో జరగాలి. వచ్చినవాడికి బస్సు చార్జీ, బూట్లు, అసలు బంతితో కనీసం నెల రోజుల సాధన ఇవ్వాలి. వచ్చినవాళ్లెందరు, తీసుకున్నదెవరిని, ఏ కారణంతో వదిలేశారు అన్నది రాసి గోడ మీద అంటించాలి, సామాజిక వర్గాలవారీ సంఖ్యలతో సహా.