ఉపగ్రహం చూపే అడవి – చూపని మూలిక

రక్తచందనపు చెక్కను సానపై అరగదీసి, ఆ గంధాన్ని వాపులకు, చర్మపు మంటలకు పట్టించడం మన గృహాలలో తరతరాల వాడుక. ఈ చెక్కనిచ్చే ఎర్రచందన వృక్షం సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. అందునా ముఖ్యంగా శేషాచలం, పాలకొండ, వెలిగొండ, లంకమల కొండలలో. శేషాచలంలో 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ వనం, 2010లో సుమారు 4,755 చదరపు కిలోమీటర్ల జీవావరణ రక్షిత ప్రాంతం ఏర్పడినవి. ఇంతటి అడవిని ఏటా నడిచి పరిశీలించడం అసాధ్యం. కనుక ఉపగ్రహ చిత్రాలను ఆశ్రయిస్తారు. ఈ చిత్రాలతో మూలికలను కూడా లెక్కించవచ్చునా అన్నది ఆలోచించదగిన ప్రశ్న.

రోగిని దర్శనం, స్పర్శనం, ప్రశ్న అను మూడు విధాలుగా పరీక్షించాలని ఆయుర్వేదం చెబుతుంది. ఉపగ్రహం చేసేది ఇందులో దర్శనం మాత్రమేనని నా అభిప్రాయం. అయితే ఆ దర్శనం మన కంటి చూపుకు అందనిది. ఆరోగ్యంగా ఉన్న పచ్చని ఆకు సూర్యకాంతిలోని ఎరుపు భాగాన్ని ఆహారం తయారు చేసుకొనుటకు పీల్చుకుంటుంది. మన కంటికి కనిపించని పరారుణ కాంతిని మాత్రం అధికంగా వెనుకకు పంపుతుంది. ఆకు వాడినచో ఈ రెండింటి మధ్య తేడా తగ్గిపోతుంది. ఉపగ్రహం ఈ రెండు కాంతులను వేరువేరుగా కొలుస్తుంది. వాటి తేడాను వాటి మొత్తంతో భాగించగా వచ్చే అంకెయే పచ్చదనపు సూచిక. అది ఒకటికి చేరువైన కొద్దీ ఆకు దట్టమని అర్థం.

ప్రయోగదశ దాటి నిత్య వినియోగానికి ఉద్దేశించిన మన దేశపు తొలి దూరసంవేదన ఉపగ్రహం ఐ.ఆర్.ఎస్.-1ఎ, 1988 మార్చి 17న అంతరిక్షానికి చేరింది. దాని మేలైన కెమెరాకు సైతం 36 మీటర్ల కంటె చిన్న వస్తువు విడిగా కనిపించేది కాదు. 2015లో ఐరోపా వారు ఆరంభించిన సెంటినెల్-2 చిత్రాలలో ఒక్కొక్క చుక్క 10 మీటర్ల చదరం; అనగా సుమారు 120 గజాల ఇంటి స్థలమంత. 2017లో రెండవ ఉపగ్రహం తోడైన నాటి నుండి ఒకే చోటును ఐదు రోజులకొకసారి చూడగలుగుతున్నారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. శేషాచలం ఆకురాల్చు అడవి. వేసవి ఆరంభంలో తీసిన చిత్రంలో కొండలు బోడిగా కనిపిస్తాయి. అది అడవి నరికినందువలన కాదు, ఆకు రాలినందువలన. అందుచేత ఏ సంవత్సరపు చిత్రాన్నైనా వేరొక సంవత్సరపు అదే నెల చిత్రంతోనే పోల్చాలి. భారత అటవీ సర్వేక్షణ సంస్థ ప్రధానంగా అక్టోబరు–డిసెంబరు చిత్రాలను వాడటానికి కారణం ఇదే: ఆకాశం నిర్మలం, చెట్టున ఆకు నిండుగా ఉంటుంది.

మరొక చిక్కు ఇంతకంటె పెద్దది. ఆ సంస్థ లెక్కలో ఒక హెక్టారుకు తగ్గని స్థలంలో పదవ వంతు మేర చెట్ల నీడ పడితే అది అడవియే. మామిడి తోటైనా సరే, నీలగిరి తోటైనా సరే! లాంటానా కంప అల్లుకొన్నచోట కూడా పచ్చదనపు సూచిక పెరగవచ్చును. దాని క్రింద నేలవేము మిగిలినదీ లేనిదీ ఆ అంకె చెప్పదు. కరక్కాయ, తాని, ఉసిరిక చెట్లు పక్కపక్కన ఉన్నచోట మూడు కొమ్మల ఆకులూ ఒకే చుక్కలో కలిసిపోతాయి. దొంగలు ఆ గుంపులో నుండి ఒక్క ఎర్రచందనాన్ని కోసుకొనిపోతే, పక్క చెట్ల కొమ్మలు ఆ ఖాళీని కప్పివేస్తాయి. చిత్రంలో పచ్చదనం చెక్కుచెదరదు. పచ్చదనం పెరిగిందన్న వార్త చదివి ఔషధ వృక్షాలు క్షేమమని సంతోషించడం తొందరపాటని నేనందుకే అంటున్నాను.

కార్చిచ్చు విషయంలో మాత్రం ఉపగ్రహానికి సాటి లేదు. వేడిని గుర్తించే పరికరాల సాయంతో అటవీ సర్వేక్షణ సంస్థ 2004 నుండి మంటల హెచ్చరికలు పంపుతున్నది. 2014 మార్చిలో తిరుమల కొండలు తగులబడి, వైమానిక దళపు హెలికాప్టర్లు రావలసి వచ్చిన సంగతి చాలామందికి జ్ఞాపకం ఉండవచ్చును. అటువంటి మంట ఆరిన తరువాత కాలిన మేర ఎంతో కొలవడానికి, తొలకరి తరువాత ఏ భాగం మళ్ళీ చిగిర్చిందో తెలుసుకోవడానికి కూడా ఈ చిత్రాలే ఆధారం.

ఇక స్పర్శనం. అంతరిక్ష విభాగం, జీవసాంకేతిక విభాగం కలసి దేశమంతటా జీవవైవిధ్య పటాలు రూపొందించినప్పుడు చిత్రాలతో సరిపెట్టుకోలేదు. 16 వేలకు పైబడి చిన్న చిన్న నమూనా స్థలాలకు మనుషులు నడిచి వెళ్ళి, అందలి మొక్కలను పేరుపేరునా వ్రాసుకున్నారు. ఎక్కడికి వెళ్ళాలో చిత్రం చెప్పింది. అక్కడ ఏమున్నదో కాలినడక చెప్పింది.

మూడవది ప్రశ్న. శేషాచలం చుట్టుప్రక్కల యానాదులకు, నల్లమలలో చెంచులకు ఏ చరియలో ఏ దుంప ఉన్నదీ, దానిని త్రవ్వడానికి ఇదివరకటికంటె ఎంత దూరం పోవలసి వస్తున్నదీ తెలుసు. ఆ దూరమే ఒక కొలత. ఉపగ్రహ పటాన్ని వారి ముందు పరచి అడిగినచో, పటంలో ఒకే పచ్చరంగుగా ఉన్న కొండను వారు పది భాగాలుగా విడదీసి చెప్పగలరు.