ఒక రూటర్, ఒక స్విచ్, మూడు నెట్‌వర్క్‌లు: చిన్న క్లినిక్‌కి వీల్యాన్ సెటప్

ఈ ఎపిసోడ్‌లో వీల్యాన్ సంగతి చూద్దాం.

కర్నూల్లోనో కడపలోనో ఒక చిన్న క్లినిక్ అనుకోండి. బిల్లింగ్ కంప్యూటర్లు, ప్రింటర్, రెండు సీసీ కెమెరాలు, వెయిటింగ్ హాల్లో జనానికి వైఫై. అన్నీ ఒకే స్విచ్‌కి గుచ్చేసి ఉంటాయి. అంటే వైఫై పాస్‌వర్డ్ తెలిసిన ఎవరి ఫోన్ అయినా బిల్లింగ్ సిస్టమ్ తలుపు దాకా వెళ్లగలదు. లోపల ఉండేది పేషెంట్ల రిపోర్టులు, ఫోన్ నంబర్లు.

వీల్యాన్ అంటే ఒకే స్విచ్‌ని మూడు వేరే స్విచ్‌లుగా వాడుకోవడం. కర్నూలు నుంచి కడప పోయే బస్సు ఎక్కితే నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు వాళ్లంతా ఒకే బస్సులో ఉంటారు. ఎవరు యాడ దిగాలో టికెట్ చెబుతుంది. స్విచ్‌కీ రూటర్‌కీ మధ్య కేబుల్ ఆ బస్సు. దాన్ని ట్రంక్ అంటాం. టికెట్ పేరు 802.1క్యూ ట్యాగ్: ప్రతి ఫ్రేమ్‌కి 4 బైట్లు, అందులో వీల్యాన్ నంబరుకి 12 బిట్లు. అందుకే 1 నుంచి 4094 వరకే నంబర్లు.

మన ప్లాన్: 10 బిల్లింగ్, 20 కెమెరాలు, 30 గెస్ట్ వైఫై.

ముందు రూటర్. ఫైబర్ కనెక్షన్‌తో ఇచ్చే బాక్సుల్లో చాలావాటిలో ఈ సెట్టింగ్ కనబడదు. దాని వెనక మైక్రోటిక్ గానీ, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేసిన రూటర్ గానీ పెట్టుకోండి. స్విచ్‌కి వెళ్లే పోర్టు మీద మూడు వీల్యాన్ ఇంటర్‌ఫేస్‌లు చేసి, 192.168.10.1, 192.168.20.1, 192.168.30.1 అని అడ్రస్‌లిచ్చి, ఒక్కోదానికి డీహెచ్‌సీపీ ఆన్ చేయండి.

తర్వాత స్విచ్. ఇది మేనేజ్డ్ లేదా స్మార్ట్ స్విచ్ అయ్యుండాలి. 8 పోర్టుల్లో:

పోర్టు 1 రూటర్‌కి: 10, 20, 30 ట్యాగ్డ్.
2 నుంచి 4 బిల్లింగ్‌కి: 10 అన్‌ట్యాగ్డ్, పీవీఐడీ 10.
5, 6 కెమెరాలకి: 20 అన్‌ట్యాగ్డ్, పీవీఐడీ 20.
7 యాక్సెస్ పాయింట్‌కి: 30 అన్‌ట్యాగ్డ్, పీవీఐడీ 30.
8 మన ల్యాప్‌టాప్‌కి: వీల్యాన్ 1లోనే వదిలేయండి, లేకపోతే సెట్టింగ్ మధ్యలో స్విచ్ పేజీ మీకే తెరుచుకోదు.

అన్‌ట్యాగ్డ్ అంటే దిగేటప్పుడు టికెట్ తీసేసుకోవడం. పీవీఐడీ అంటే ఎక్కేటప్పుడు టికెట్ కొట్టడం. రెండూ కలవాలి. 2 నుంచి 7 వరకు పోర్టులని వీల్యాన్ 1 నుంచి తీసేయడం కూడా మర్చిపోవద్దు.

ఇక్కడే చాలామంది ఆపేస్తారు. కానీ అసలు పని ఇప్పుడే ఉంది. రూటర్ పనే ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకోదానికి దారి చూపడం. ఫైర్‌వాల్ రూల్ లేకపోతే, స్విచ్‌లో విడదీసినవాటిని రూటర్ మళ్లీ కలిపేస్తుంది. కాబట్టి: 30కి ఇంటర్నెట్ మాత్రమే. 20 నుంచి బయటికి ఏమీ వద్దు. 10 నుంచి 20కి కెమెరాలు చూడ్డానికి అనుమతి. గెస్ట్ వైపు నుంచి రూటర్ లాగిన్ పేజీ కూడా మూసేయండి, డీఎన్ఎస్, డీహెచ్‌సీపీ మాత్రం వదలండి.

చివరిగా టెస్ట్. గెస్ట్ వైఫైలో ఉన్న ఫోన్‌లోంచి ప్రింటర్ అడ్రస్ పింగ్ చేయండి. జవాబు రాకూడదు. బిల్లింగ్ కంప్యూటర్ నుంచి అదే అడ్రస్‌కి రావాలి. రెండూ చూశాకే పని అయినట్టు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.